గిస్‌బోర్న్ దారిలో బాలల న్యాయం

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపపు తూర్పు కొసన ఉన్న గిస్‌బోర్న్, ప్రతి దినపు తొలి వెలుగును ప్రపంచంలో అందరికంటే ముందు చూసే ఊళ్లలో ఒకటిగా పేరొందింది. అక్కడికి యాత్రికులు సాధారణంగా సముద్రతీరం కోసమో, ద్రాక్షతోటల కోసమో వెళ్తారు. నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లలను రాజ్యం ఎలా చూడాలన్న ప్రశ్న మీద పట్టింపు ఉన్నవారికి మాత్రం ఆ పట్టణం వేరే కారణంగా ముఖ్యమైనది. 2008 మే నెలలో, కైటీ కొండ పాదాన ఉన్న మావోరీల సమావేశ ప్రాంగణంలో, ఆ దేశపు మొదటి రంగతాహి కోర్టు, అంటే మావోరీ సంప్రదాయాలను పాటిస్తూ నడిచే బాలల కోర్టు, కొలువుదీరింది. ఆక్లండ్‌లో మొదలై గిస్‌బోర్న్ మీదుగా రాజధాని వెల్లింగ్టన్ దాకా సాగే రహదారి, ఆ కోర్టు ఎందుకు అవసరమైందో, ఏ గాయం నుంచి పుట్టిందో చెప్పే స్థలాలన్నిటినీ తాకుతూ పోతుంది.

ఆక్లండ్ అగ్నిపర్వతాల మీద పెరిగిన నగరం. పచ్చగడ్డి కప్పుకున్న గుట్టలు ఇళ్ల మధ్యనే లేచి నిలబడి ఉంటాయి. వాటిలో చాలావాటి వాలుల మీద పూర్వం మావోరీలు కోటల కోసం తవ్విన మెట్ల ఆనవాళ్లు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. డిసెంబరులో తీరం పొడవునా పొహుతుకావా చెట్లు ఎర్రగా విరబూస్తాయి. మోదుగుపూలు చూసిన కంటికి ఆ ఎరుపు కొత్తది కాదు గాని, ఉప్పుగాలిలో, రాళ్ల అంచులను వేళ్లతో పట్టుకొని చెట్టు అంత నిండుగా పూయడం కొత్త. సాండ్రింగ్‌హామ్ వీధిలో దోసెల పెనం వాసన, పచ్చళ్ల సీసాలు, అక్కడక్కడ తెలుగు మాట ఎదురవుతాయి. సిటీ బస్సు దిగేటప్పుడు బడిపిల్లలతో సహా ప్రతి ఒక్కరూ డ్రైవరుకు వినపడేలా కృతజ్ఞత చెప్పి దిగడం ఆ ఊరి అలవాటు. చిల్లర కోసం కండక్టరుతో వాదించి దిగే హైదరాబాద్ ప్రయాణికులకు ఆ మర్యాద మొదట వింతగా, రెండో రోజు నుంచి సహజంగా తోస్తుంది.

ఇంత మర్యాద గల సమాజమే కొన్ని తరాల పాటు తన పిల్లల్లో ఒక వర్గాన్ని ఇళ్ల నుంచి విడదీసి సంస్థల్లో పెట్టిందన్న చరిత్ర తెలిసినప్పుడు, నమ్మడానికి కొంత సమయం పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మావోరీ కుటుంబాలు పల్లెలు వదిలి ఆక్లండ్, వెల్లింగ్టన్ వంటి నగరాలకు పనుల కోసం వలస వచ్చాయి. తాత, అమ్మమ్మ, పినతండ్రి, మేనమామ అందరూ కలిసి పిల్లలను పెంచే పద్ధతి నగరంలో తెగిపోయింది. వీధిలో కనిపించిన పిల్లవాడు పోలీసు కంట పడ్డాడు. బడి మానడం, చిన్న దొంగతనం, ఒక్కోసారి కేవలం పేదరికం అతన్ని రాజ్యపు సంరక్షణలోకి, అక్కడి నుంచి బాలుర గృహంలోకి నెట్టాయి. 1980ల నడుమ జాన్ రంగిహౌ అధ్యక్షతన ఏర్పడిన సలహా సంఘం పల్లెపల్లెకూ తిరిగి, మావోరీ సమావేశ ప్రాంగణాల్లో నేల మీద కూర్చొని జనం గోడు విని, పువావో తె అతా తూ అనే నివేదిక రాసింది. సాంఘిక సంక్షేమ శాఖ పనితీరులోనే జాతివివక్ష ఇమిడి ఉన్నదనీ, పిల్లల గురించి తీసుకునే నిర్ణయాల్లో కుటుంబానికీ తెగకూ చోటు లేకపోవడమే కీడుకు మూలమనీ ఆ నివేదిక నిర్మొహమాటంగా చెప్పింది. ఒక ప్రభుత్వ సంఘం తన ప్రభుత్వ శాఖ గురించి అంత సూటిగా మాట్లాడటం ఏ దేశంలోనైనా అరుదు.

దాని ఫలితంగా వచ్చిన చట్టం 1989 నవంబరు 1న అమలులోకి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఓరంగ తమారికి చట్టం అంటారు. ప్రజాప్రయోజనం కోసం తప్పనిసరి అయితే తప్ప, వేరే దారి ఉన్నంతవరకు పిల్లల మీద క్రిమినల్ కేసు నడపకూడదన్నది ఆ చట్టపు మొదటి సూత్రం. అందువల్ల పోలీసుల దాకా వచ్చిన పిల్లల్లో అత్యధికులు కోర్టు గడప తొక్కరు. బాలల విభాగపు పోలీసు అధికారి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, నష్టపోయిన వారికి క్షమాపణ, కొంత సేవ, బడికి తిరిగి వెళ్లడం వంటి షరతులతో వ్యవహారాన్ని ముగిస్తారు. హత్య వంటి ఘోర నేరాలు మినహా, కోర్టు దాకా వచ్చే 14 ఏళ్లు నిండిన పిల్లల కేసులు యూత్ కోర్టు వింటుంది. 17 ఏళ్ల వారిని చాలాకాలం పెద్దలతో కలిపి చూసినా, 2019 జులై 1 నుంచి వారిలో ఎక్కువ మందిని కూడా ఈ కోర్టు పరిధిలోకి తెచ్చారు.

చట్టానికి గుండెకాయ కుటుంబ సమావేశం. ఆరోపణ రుజువైనా, పిల్లవాడు ఒప్పుకున్నా, శిక్ష ఏమిటన్నది న్యాయమూర్తి ఒంటరిగా తేల్చడానికి వీల్లేదు. ముందు ఈ సమావేశం జరగాలి. సమన్వయకర్త అనే ప్రత్యేక అధికారి దాన్ని పిలుస్తారు. పిల్లవాడు, అతని తల్లిదండ్రులు, తాతలు, మేనత్తలు, పోలీసు ప్రతినిధి, పిల్లవాడి తరఫు న్యాయవాది, ఇష్టమైతే నష్టపోయిన వ్యక్తి, ఆ వ్యక్తికి తోడుగా వచ్చినవారు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. జరిగినది పోలీసు అధికారి చదువుతారు. నిజమేనా అని పిల్లవాణ్ణి అడుగుతారు. తర్వాత కారు పోగొట్టుకున్న మనిషి, దుకాణపు అద్దం పగిలిన యజమాని, భయంతో నిద్రపట్టని ముసలావిడ తమకు జరిగిన నష్టం తమ మాటల్లో చెప్తారు. ఆ పైన అధికారులందరూ లేచి బయటికి వెళ్తారు. కుటుంబం మాత్రమే గదిలో మిగిలి, ఏం చేయాలో తమలో తాము తేల్చుకుంటుంది. ఆ సమయంలో అరుపులు, ఏడుపులు, చాలా ఏళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు మాట్లాడుకోవడం, ఎవరో ఒక మేనమామ పిల్లవాణ్ణి తన దగ్గర ఉంచుకుంటానని ముందుకు రావడం వంటివి జరుగుతాయి. అందరూ అంగీకరించిన ప్రణాళికను కోర్టు సాధారణంగా ఆమోదిస్తుంది. పిల్లవాడు దాన్ని నెరవేరిస్తే, అసలు ఆ కేసే లేనట్లుగా అతన్ని విడుదల చేసే అధికారం న్యాయమూర్తికి ఉంది.

ఆక్లండ్ నుంచి దక్షిణంగా వెళ్లే రహదారి వైకాటో పచ్చిక మైదానాల మీదుగా, ఎటు చూసినా ఆవుల మందలే కనిపించే నేల గుండా రోటోరువా చేరుతుంది. ఆ ఊరంతా గంధకపు వాసన; పార్కుల్లో, ఇళ్ల పెరళ్లలో భూమి చీలికల నుంచి ఆవిరి పైకి లేస్తూ ఉంటుంది. నేలలో గొయ్యి తీసి, కాల్చిన రాళ్ల మీద మాంసం, కూమరా అనే చిలగడదుంప, గుమ్మడి పేర్చి, తడిగుడ్డలతోనూ మట్టితోనూ కప్పి గంటల తరబడి ఉడికించే వంటను హాంగి అంటారు. కప్పు తీసినప్పుడు మట్టి, పొగ, తీపి కలిసిన ఒక కమ్మని వాసన చుట్టూ కమ్ముకుంటుంది. కారం అలవాటైన నాలుకకు ఆ వంట మొదట చప్పగా అనిపిస్తుంది గాని, పొగ పట్టిన కూమరా తీపి మాత్రం మరచిపోలేనిది. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ దుంపను పాలినేషియా నావికులు ఐరోపావారు రాకముందే ఈ ద్వీపాలకు తెచ్చి, చలినేలలో దాచిపెట్టి పండించడం నేర్చారు.

ఒపోటికి దాటాక దారి వైయొయెకా లోయలోకి దిగుతుంది. ఒకవైపు నది, మరోవైపు నిటారు కొండ, మధ్యలో రెండు బళ్లకు చాలీచాలని రోడ్డు. కొండల నిండా మనిషికంటే ఎత్తైన చెట్టుఫెర్నులు, నీళ్లూరే రాళ్లు. చాలా మైళ్ల దూరం ఊరన్నది కనిపించదు. లోయ ముగిసి, గిస్‌బోర్న్ మైదానం నారింజ, ద్రాక్ష తోటలతో తెరుచుకునే చోట గాలి వెచ్చబడుతుంది. సముద్రపు ఒడ్డున మాత్రం వేరే దృశ్యం. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గాబ్రియెల్ తుఫాను కొండల మీది పైన్ తోటల నుంచి కొట్టుకొచ్చిన నరికిన మొద్దులను తీరమంతా గుట్టలుగా పోసింది. కొండ మీద చెట్టు నరికిన కంపెనీ ఎక్కడో ఉంటే, మొద్దులు తీసే పని దిగువ ఊళ్ల మీద పడింది.

పట్టణం మధ్యలో రెండు నదులు కలిసి తురంగనుయి నదిగా మారి, కిలోమీటరు పైచిలుకు దూరమే పారి సముద్రంలో కలుస్తాయి. 1769 అక్టోబరులో జేమ్స్ కుక్ ఈ దేశంలో తొలిసారి అడుగుపెట్టిన చోటు అదే. ఆ మొదటి రోజుల్లోనే అతని మనుషులు పలువురు మావోరీలను కాల్చి చంపారు. 250 ఏళ్ల తర్వాత, 2019లో, బ్రిటన్ హైకమిషనర్ అక్కడికి వచ్చి, చనిపోయినవారి వారసులకు ముఖాముఖిగా విచారం ప్రకటించారు. ఆలస్యంగానైనా, నష్టపోయినవారి గడప దగ్గరికి వెళ్లి, వారి ఎదుట నోరు విప్పాలన్న పద్ధతి ఆ నేల మీద రాజ్యాలకూ వర్తించింది. పిల్లల చట్టం కోరేది కూడా అదే.

నదికి అవతల, కైటీ కొండ పాదాన, తె పోహో ఓ రావిరి ప్రాంగణం ఉంది. మరాయె అని పిలిచే ఇలాంటి ప్రాంగణం మావోరీ వంశానికి కూడలి: ముందు ఖాళీ స్థలం, ఆ వెనుక సభామందిరం, పక్కన భోజనశాల. 1930లో పూర్తయిన ఇక్కడి సభామందిరం దేశంలోని పెద్ద చెక్కడపు మందిరాల్లో ఒకటి. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టడం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేని మర్యాద. లోపల తినకూడదు, తలగడ మీద కూర్చోకూడదు అన్న నియమాలు కూడా చప్పున అర్థమవుతాయి. పైకప్పు మధ్య దూలాన్ని మూలపురుషుడి వెన్నెముకగా, దాని నుంచి రెండు వైపులా దిగే వాసాలను పక్కటెముకలుగా భావిస్తారు. గోడల వెంట నిలబెట్టిన స్తంభాల మీద పూర్వీకుల రూపాలు. వాటి కళ్ల స్థానంలో పావువా గుల్ల ముక్కలు, కిటికీ వెలుగు పడినప్పుడల్లా నీలం నుంచి ఆకుపచ్చకు మారుతూ ఉంటాయి. స్తంభాల నడుమ రెల్లుతో, పీచుతో అల్లిన పలకలు. చనిపోయిన పెద్దల ఛాయాచిత్రాలు.

భోజనశాలలో బంగాళాదుంపతో పులియబెట్టిన పిండితో చేసిన రొట్టె కోసి పెడుతున్న ఒక వృద్ధురాలు, వచ్చిన అతిథిని పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. మీ కొండ ఏది, మీ నది ఏది అని అడిగింది. గోదావరి అని జవాబు రాగానే, ఆ నది ఎంత వెడల్పు, వరద వస్తే ఊళ్లు మునుగుతాయా, చేప దొరుకుతుందా అని శ్రద్ధగా విచారించి, రెండో రొట్టెముక్కకు వెన్న ఇంకొంచెం ఎక్కువగా రాసింది.

ఆ ప్రశ్నే కోర్టులో పిల్లవాడికీ ఎదురవుతుంది. న్యాయమూర్తి హీమి తౌమౌను 2008లో ఇక్కడ మొదలుపెట్టిన పద్ధతిలో (ఆయన 2019లో దేశపు జిల్లా కోర్టుల ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ఆ పదవి చేపట్టిన మొదటి మావోరీ ఆయనే) విచారణ రోజు ఆహ్వాన కార్యక్రమంతో మొదలవుతుంది. పిల్లలు, వారి కుటుంబాలు, పోలీసులు, న్యాయవాదులు అందరూ అతిథులుగా లోపలికి వస్తారు. ముక్కుకు ముక్కు, నుదుటికి నుదురు తాకించి ఊపిరి పంచుకునే హోంగి పలకరింపు అందరికీ ఒకటే. న్యాయమూర్తి ఎత్తైన పీఠం మీద కాక, అదే నేల మీద బల్ల వెనుక, తెగ పెద్దల పక్కన కూర్చుంటారు. పిల్లవాడు లేచి తన పెపెహా చెప్పాలి: తన కొండ, తన నది, తన తెగ, తన పూర్వీకులు, చివరికి తన పేరు. చాలామంది పిల్లలకు ఆ మాటలు రావు. నగరపు శివార్లలో పెరిగి, తండ్రి ఊరు ఏదో తెలియనివాళ్లు వారిలో ఎక్కువ. అందువల్ల ఆ మాటలు నేర్చుకోవడమే వారి ప్రణాళికలో భాగమవుతుంది. మొదటిసారి తల దించుకొని కాగితం చూసి చదివిన పిల్లవాడు తర్వాతి విచారణలకు కాగితం లేకుండా చెప్పగలుగుతాడు. అది విన్న పెద్దమనిషి ఒకరు, నీ ముత్తాత నాకు తెలుసు అంటూ అందుకుంటారు.

రంగతాహి కోర్టుకు వేరే చట్టం లేదు. యూత్ కోర్టు చట్టమే, యూత్ కోర్టు అధికారాలే. కుటుంబ సమావేశంలో ఒప్పుకున్న ప్రణాళిక ఎంతవరకు నడిచిందో చూడటానికి స్థలమూ పద్ధతీ మారాయి, అంతే. మావోరీలు కాని పిల్లలూ ఇక్కడికి రావచ్చు. ఇలాంటి కోర్టులు ఇప్పుడు దేశంలో పదిహేను దాకా ఉన్నాయి. దీన్ని మెత్తదనం అనడం సరికాదు. అపరిచితుడైన న్యాయమూర్తి ముందు చేతులు కట్టుకొని నిలబడి, లాయరు మాట్లాడుతుంటే నేల చూపులు చూసి బయటపడటం పిల్లవాడికి సులువు; తాను కారు దొంగిలించిన మనిషి ఎదుట, తన నాయనమ్మ పక్కన ఉండగా, తన నోటితో తాను మాట్లాడటం చాలా కష్టం. సిగ్గు రెండు రకాలుగా పనిచేస్తుంది: నువ్వు మాలో ఒకడివి కావు అని చెప్పే సిగ్గు పిల్లవాణ్ణి మరింత దూరం తోస్తుంది, నువ్వు మావాడివి గనకే ఇది మాకు బాధ అని చెప్పే సిగ్గు వెనక్కి లాగుతుంది. ఆ రెండో దానికి కావలసిన గదిని, మనుషులను, సమయాన్ని సమకూర్చడమే సంస్కరణ.

అయినా లోపాలు లేవనడం నిజం కాదు. చాలా సమావేశాల్లో నష్టపోయినవారు రారు. వచ్చినా కొందరు అసంతృప్తితోనే వెళ్తారు. రాసుకున్న ప్రణాళికను వెంటబడి చూసుకునే సిబ్బంది చాలరు. ముప్పై ఏళ్లు దాటినా కోర్టుకు వచ్చే పిల్లల్లో సగానికి పైగా మావోరీలే. దేశపు పిల్లల్లో వారి వాటాతో పోలిస్తే అది చాలా ఎక్కువ. పద్ధతి మారినంత మాత్రాన పేదరికం, ఇళ్ల కొరత, బడి వెలివేతలు మారవు.

ఇక్కడ భారతదేశపు ప్రస్తావన తప్పదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచార ఘటనలో నిందితుల్లో ఒకడు 17 ఏళ్లవాడు కావడంతో లేచిన ఆగ్రహం 2015 బాలల న్యాయ చట్టానికి దారితీసింది. దాని ప్రకారం, కనీసం ఏడేళ్ల శిక్ష పడగల ఘోర నేరాల్లో 16 నుంచి 18 ఏళ్ల నడుమ ఉన్నవారిని పెద్దలుగా విచారించవచ్చునా అన్నది జువైనల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక అంచనా వేసి తేల్చాలి. ఆ బోర్డులో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ కాస్త భాగం మీదే దేశమంతా వాదించుకుంది. అదే చట్టంలో బోర్డు చేతికిచ్చిన మిగతా మార్గాలు, అంటే హెచ్చరించి ఇంటికి పంపడం, సామూహిక కౌన్సెలింగ్, సమాజసేవ, ప్రొబేషన్, చర్చకే రాలేదు. పిల్లవాడి ఇంటి పరిస్థితి మీద ప్రొబేషన్ అధికారి పదిహేను రోజుల్లో ఇవ్వవలసిన సామాజిక దర్యాప్తు నివేదిక, చాలాచోట్ల తండ్రి పేరు, ఆదాయం, అలవాట్లు నింపిన పత్రంగా మిగిలిపోతుంది. పిల్లవాడి పేరు బయటపెట్టకూడదన్న నియమం మంచిదే. న్యూజిలాండ్‌లోనూ అది ఉంది. కానీ నష్టపోయిన మనిషికి ఏం కావాలో అడిగే చోటు మన ప్రక్రియలో ఎక్కడా లేదు. హైదరాబాద్ సైదాబాద్ గృహంలోనో, విశాఖలోనో ఉన్న పిల్లవాడు తాను ఎవరికి ఏం చేశాడో ఆ మనిషి నోటి నుంచి ఒక్కసారి కూడా వినకుండానే బయటికి వస్తాడు.

అలాగని మన రచ్చబండ తీర్పులను న్యూజిలాండ్ కుటుంబ సమావేశానికి ప్రత్యామ్నాయం అనుకోవడం ప్రమాదకరం. కులపెద్దలు కూర్చొని, అమ్మాయి మాట వినకుండా, జరిమానా వేసి, బలహీనుల చేత కాళ్లు పట్టించే పంచాయతీకీ ఈ సమావేశానికీ పోలికే లేదు. అక్కడ సమన్వయకర్తకు చట్టబద్ధమైన బాధ్యత ఉంది, పిల్లవాడి పక్కన న్యాయవాది ఉంటారు, నష్టపోయినవారు రావాలో వద్దో వారి ఇష్టం, చివరి మాట న్యాయమూర్తిది. ఆ నాలుగు కాపుదలలూ లేకుండా పెద్దమనుషుల సభను మాత్రం తెచ్చుకుంటే, తెచ్చుకునేది పాత పెత్తనమే అవుతుంది.

గిస్‌బోర్న్ నుంచి దక్షిణానికి వైరోవా, నేపియర్ మీదుగా పామర్‌స్టన్ నార్త్ చేరే దారిలో పచ్చిక కొండలు, గొర్రెలు, శిఖరాల మీద గాలిమరలు. 2024 జులైలో ప్రభుత్వం పది మంది పిల్లలతో సైనిక పద్ధతి శిబిరాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది పామర్‌స్టన్ నార్త్‌లోనే. అంతకు ముందు రెండేళ్లుగా కార్లతో దుకాణాల అద్దాలు బద్దలుకొట్టి దోచే ఘటనలు దేశాన్ని కలవరపెట్టాయి. దుకాణదారుల్లో చాలామంది భారతీయులే, వారి భయమూ నష్టమూ నిజమైనవే. ఆ భయానికి జవాబు చెప్పకుండా ఏ సంస్కరణా నిలవదు. దక్షిణంగా ఇంకొంత దూరంలో, కూరగాయల తోటల నడుమ ఉన్న లెవిన్‌లో, ఒకప్పటి కోహితెరె బాలుర శిక్షణ కేంద్రం నడిచింది. కొట్టడం, ఒంటరి గదిలో పెట్టడం అక్కడ క్రమశిక్షణగా చెలామణి అయ్యాయి. ఇలాంటి వేధింపులపై విచారణ జరిపిన రాయల్ కమిషన్ 2024 జులైలో ఇచ్చిన తుది నివేదిక, 1950 నుంచి 2019 వరకు రాజ్య, మత సంస్థల సంరక్షణలో ఉన్నవారిలో సుమారు 2,00,000 మంది వేధింపులకు గురయ్యారని అంచనా వేసింది. పిల్లలను దారిలో పెట్టడానికి కట్టిన ఆ గృహాల నుంచి ఎంతమంది నేరుగా ముఠాల్లోకి, అక్కడి నుంచి జైళ్లలోకి వెళ్లారో ఆ నివేదిక పుటలు పుటలుగా చెబుతుంది. పామర్‌స్టన్ నార్త్ శిబిరాన్ని మొదలుపెట్టిన నెలలోనే ఈ నివేదిక వెలువడింది.

వెల్లింగ్టన్‌లో గాలి ఎప్పుడూ సద్దుమణగదు. కొండవాలుల మీద చెక్క ఇళ్లు, కింద గుర్రపునాడా ఆకారంలో ఓడరేవు. 2024 నవంబరు 12న అక్కడి పార్లమెంటులో ప్రధానమంత్రి క్రిస్టఫర్ లక్సన్ ఆ బాధితులకు దేశం తరఫున క్షమాపణ చెప్పారు. తీవ్ర నేరాలు పదేపదే చేసే పిల్లలను ప్రత్యేక వర్గంగా ప్రకటించి, సైనిక శిబిరాలకు చట్టబద్ధత కల్పించే బిల్లు అదే ఏడాది చివర అదే సభకు వచ్చింది. 1989 చట్టం మాత్రం ఇంకా ఉంది. శిక్ష ఏదైనా సరే, పిల్లవాడి మీద ఆదేశం వేయడానికి ముందు అతని కుటుంబాన్ని పిలిచి కూర్చోబెట్టాలని అది కోరుతూనే ఉంది. ఆ గదిలో మేనమామ చెప్పిన మాటకు, దుకాణదారు చెప్పిన మాటకు రానున్న ఏళ్లలో ఎంత బరువు దక్కుతుందో గిస్‌బోర్న్‌లోనూ, లెవిన్‌లోనూ జనం కనిపెట్టుకొని చూస్తున్నారు.